ఆమె పేరు మీద ఒక లైబ్రరీ కార్డు

కాలేజీ తెరిచిన కొత్తలో ఒక ఆడపిల్ల చేతికి వచ్చే కాగితాలను వరసగా పేర్చి చూడండి. ఫీజు రసీదు, గుర్తింపు కార్డు, బస్సు పాసు, టైం టేబులు. ఆ వరసలో లైబ్రరీ కార్డు ఎక్కడుంది? చాలాచోట్ల అన్నిటికన్నా చివర. ఫొటోలు ఇవ్వాలి, డిపాజిట్ కట్టాలి, లెక్చరర్ సంతకం తేవాలి, లైబ్రేరియన్ ఆ రోజు సెలవులో లేకుండా ఉండాలి. ఇవన్నీ అయ్యేసరికి మొదటి ఇంటర్నల్ పరీక్ష దగ్గరపడుతుంది. చదువుకోవడానికి వచ్చిన మనిషికి పుస్తకమే ఆఖరున అందడం మనకి వింతగా కూడా తోచదు.

స్త్రీ విద్య చరిత్ర రాసేటప్పుడు మనం బడి ఎప్పుడు పెట్టారు, కాలేజీ ఎప్పుడు వచ్చింది, ఎంతమంది చేరారు అని చూస్తాం. చేరిన తర్వాత పుస్తకం ఆమె చేతికి ఎలా వచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది, ఎన్నాళ్లు ఉండనిచ్చారు అన్నది ఆ చరిత్రలోనే మరో అధ్యాయం. దాన్ని మనం పెద్దగా రాసుకోలేదు. బడిలో పేరు ఉండటం వేరు, పుస్తకం మీద హక్కు ఉండటం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలియాలంటే ఒక చిన్న ప్రాంతాన్ని తీసుకుని చూడటం మంచిది. నేను ముదినేపల్లిని మధ్యలో పెట్టుకుని చూస్తున్నాను.

ముదినేపల్లి కొల్లేటికి దక్షిణాన, పామర్రు నుంచి పాలకొల్లు వెళ్లే రోడ్డు మీద ఉంది. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. ఇక్కడి పిల్లలు చదువు కోసం పడమటికి పోతే గుడివాడ, కొల్లేటి వైపు పోతే కైకలూరు, దక్షిణానికి పోతే బందరు, సరస్సు దాటి ఉత్తరానికి పోతే ఏలూరు. బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి 1843 నాటిది. అదే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. ఏలూరులో సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945లోనూ, గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కాలేజీ 1950లోనూ వచ్చాయి. ఆడపిల్లల కోసమే ఏలూరులో సెయింట్ థెరిసా కాలేజీ వచ్చింది 1953లో. 1843కీ 1953కీ మధ్య 110 ఏళ్లు. ఈ నూటపదేళ్లలో ఈ నేల మీద ఆడవాళ్లు చదవలేదా? చదివారు. కాలేజీ లేకుండా, తమ పేరు మీద లైబ్రరీ లేకుండా చదివారు. ఆ చదువు ఏ దారిన వచ్చిందో చూస్తే, ఇవాళ్టి కాలేజీ లైబ్రరీ ఆడపిల్లకి ఏం బాకీ ఉందో అర్థమవుతుంది.

మొదటి దారి ఇంట్లోని మగవాడు. భండారు అచ్చమాంబ జీవితమే దీనికి పెద్ద ఉదాహరణ. 1874లో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, పదేళ్లకే పెళ్లయిన మనిషి ఆమె. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, అతని చదువు పక్కన కూర్చుని తను తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకుంది. ఆ చదువుతోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, స్త్రీల చరిత్రను స్త్రీ రాయడం తెలుగులో మొదలుపెట్టింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1905లో చనిపోయేనాటికి ఆమెకి ముప్ఫై ఒక్క ఏళ్లు కూడా సరిగా నిండలేదు. తమ్ముడు మంచివాడు కాబట్టి, భర్త అడ్డుపడలేదు కాబట్టి ఆమె చదివింది అని మనం సంతోషంగా చెప్పుకుంటాం. ఆ "కాబట్టి"లోనే కష్టం ఉంది. పుస్తకం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడినంతకాలం అది అరువు చదువే. ఆ తమ్ముడు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించినవారిలో ఒకడు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవారిలో ఒకడు. అక్క పక్కన కూర్చుని చదివిన ఇల్లు ఒకటే. అతను దాన్ని సంస్థగా మార్చగలిగాడు. ఆమె సమాజాలుగా మార్చడానికి ఊరూరూ తిరిగింది.

రెండో దారి పోస్టు. ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య 1902లో 'హిందూ సుందరి' పత్రిక మొదలుపెట్టి, సంపాదకత్వం మొసలికంటి రమాబాయికీ వెంపటి శాంతాబాయికీ అప్పగించాడు. అప్పటి జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. అయినా ఆ పత్రిక నిలబడింది, తర్వాత కాకినాడ చేరి అక్కడి స్త్రీల చేతుల్లో దశాబ్దాలు నడిచింది. గడప దాటనక్కర్లేకుండా పుస్తకం గడపలోకి రావడం అప్పటి స్త్రీలకి ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించడం కష్టం. పత్రికే వాళ్లకి లైబ్రరీ, పత్రికే వాళ్ల సభ. అచ్చమాంబ 'ధన త్రయోదశి' కథ 1902లోనే ఆ పత్రికలో వచ్చింది. కానీ తెలుగు కథ 1910లో గురజాడ 'దిద్దుబాటు'తో మొదలైందని మన కాలేజీల్లో ఎన్నో దశాబ్దాలు పాఠం చెప్పారు. ఎందుకంటే కాలేజీ లైబ్రరీలు పుస్తకాలు దాచాయి గాని స్త్రీల పత్రికలు దాచలేదు. బైండు చేయించి అలమరలో పెట్టినదే చరిత్ర అయింది. పొయ్యి దగ్గర చదివి పక్కన పెట్టినది పాత కాగితం అయింది. స్త్రీవాద పరిశోధకులు పాత సంచికలు వెతికి ఈ వరసని తిరగరాయడానికి నూరేళ్లు పట్టింది. లైబ్రరీలో ఏది కొనాలి, ఏది దాచాలి, ఏది తూకానికి వేయాలి అన్న నిర్ణయం ఎంత రాజకీయమో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మూడో దారి గ్రంథాలయోద్యమం. మనం గర్వంగా చెప్పుకునే ఉద్యమం అది. 1907లో బందరులో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు విని కదిలిన కుర్రాళ్లలో అయ్యంకి వెంకటరమణయ్య ఒకడు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914 ఏప్రిల్‌లో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన మొదటి గ్రంథాలయ ప్రతినిధుల సభ, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. అంతకుముందే 1898లో రాజమండ్రిలో వాసురాయ గ్రంథాలయం, ఆ తర్వాత 1918లో వేటపాలెం సారస్వత నికేతనం. ప్రభుత్వం రూపాయి ఇవ్వకముందే ఊళ్లు పుస్తకాలు పోగుచేసుకున్నాయి. అదంతా నిజమే. అయితే ఊరి మధ్య పఠన మందిరం అంటే పొద్దున్నే దినపత్రిక చుట్టూ మగవాళ్లు కూర్చునే అరుగు అన్న అలవాటు కూడా అప్పుడే స్థిరపడింది. తలుపు తెరిచే ఉంటుంది. బోర్డు మీద ఆడవాళ్లు రావద్దని రాసి ఉండదు. రాయనక్కర్లేదు కనుక రాసి ఉండదు.

ఆ అలవాటుని కాస్త పక్కకి జరిపిన ప్రయోగం ఒకటుంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణ కాలవలో పుస్తకాల పడవ నడిపాడు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య ఊళ్లలో రేవు రేవునా పడవ ఆగేది. పుస్తకాలు ఇచ్చేవారు, చదివినవి తీసుకునేవారు. డెల్టా జీవితం తెలిసినవాళ్లకి రేవు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్లకీ బట్టలకీ ఆడవాళ్లు రోజూ వచ్చే చోటు. వాళ్లు పఠన మందిరానికి వెళ్లడం కాకుండా, వాళ్లున్న చోటికే పుస్తకం రావడం ఆ ప్రయోగంలోని కొత్తదనం. పడవలే దారిగా బతికిన కొల్లేటి లంకల వాళ్లకి ఈ ఆలోచన విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అందుబాటు అనే మాటకి అర్థం తలుపు తెరిచి ఉంచడం కాదు, ఆమె దారిలో ఉండటం.

దీన్నే సిద్ధాంతంగా చెప్పినవాడు ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయిన ఈ లెక్కల మాస్టారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశాడు. మన డిగ్రీ పిల్లలకి కూడా రెండో సూత్రం కంఠతా వస్తుంది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఉండాలని. అసలు పుస్తకంలో రంగనాథన్ ఆ సూత్రాన్ని ఇలా కుదించలేదు. అతని పుస్తకమో ఆమె పుస్తకమో అని ఇద్దరినీ పేర్కొన్నాడు. ఆ అధ్యాయంలో ధనికులూ పేదలూ, పట్నం వాళ్లూ పల్లె వాళ్లూ అన్నట్టే మగవాళ్లూ ఆడవాళ్లూ అని విడిగా ఒక భాగమే ఉంది. స్త్రీలకి పుస్తకాలెందుకన్న వాదనని అక్కడ ఎదుర్కొన్నాడు. తర్వాత సూత్రాన్ని పొట్టి చేసి పాఠం చెప్పేటప్పుడు జారిపోయింది ఆమె ఒక్కతే. తెలుగులోకి వచ్చేసరికి "పాఠకుడు" అనే మాటలో ఆమె పూర్తిగా కలిసిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత లైబ్రరీ చట్టమయింది. 1948 మద్రాసు చట్టం, ఆ తర్వాత 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వాలి. ఇప్పుడు అది రూపాయికి 8 పైసలు. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా ఆ పన్నులో ఇంట్లో ఆడవాళ్ల కష్టం ఉంది. ఆ పైసలతో నడిచే శాఖా గ్రంథాలయంలో సాయంత్రం అయిదింటికి ఎంతమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారో ఎవరి ఊళ్లో వాళ్లు చూడొచ్చు.

ఈ ప్రాంతం నుంచే వచ్చిన ఇద్దరు రచయిత్రులను ఇక్కడ తలచుకోవాలి. 1939లో తాడేపల్లిగూడెం దగ్గరి బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ 1955లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైంది. దూరంలో ఉన్న కాలేజీకి పంపించే స్తోమతు తల్లిదండ్రులకి లేక అక్కడితో చదువు ఆగిపోయింది. అప్పటికి ఏలూరులో ఆడపిల్లల కాలేజీ వచ్చి రెండేళ్లయింది. కాలేజీ ఉంది, దారి లేదు. నూజివీడులో పుట్టి ఏలూరులో చదివిన మాలతీ చందూర్‌కి కూడా కాలేజీ లేదు. ఆమె మద్రాసు చేరి, చదివినవన్నీ తిరిగి పంచిపెట్టింది. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 నుంచి ఏళ్ల తరబడి 'ప్రమదావనం' నడిపింది. 'పాత కెరటాలు' శీర్షికతో స్వాతిలో ప్రపంచ నవలలని ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పింది. ఆ నవలలు దొరికే లైబ్రరీ దరిదాపుల్లో లేని ఆడవాళ్లకి ఆ పేజీలే లైబ్రరీ.

వీళ్లని మనం ఎలా పొగుడుతాం? కాలేజీ గడప తొక్కకుండానే ఎంతో సాధించారు అంటాం. ఆ పొగడ్తలో ఒక మోసం ఉంది. పుస్తకం అందకపోయినా ప్రతిభ దానంతట అదే పైకి వస్తుందన్న నమ్మకాన్ని అది పెంచుతుంది. అలా పైకి వచ్చినవాళ్ల పేర్లే మనకి తెలుస్తాయి. అదే ఏడు అదే పరీక్ష ప్యాసై, అదే కారణంతో ఆగిపోయి, పుస్తకం దొరక్క అక్షరాల అలవాటే తప్పిపోయినవాళ్లు ఏ చరిత్రలోనూ ఉండరు. ఒంటరిగా చదువుకుని నిలబడటం వ్యక్తి గొప్పతనం. అలా చదువుకోవలసి రావడం సమాజం లోపం. రెండోదాన్ని మొదటిదానితో కప్పేయకూడదు.

అలమరకి ఇవతలి వైపు నిలబడిన స్త్రీల గురించే ఇంతవరకు మాట్లాడుకున్నాం. అవతలి వైపు, తాళం చేతిలో పెట్టుకుని కూర్చున్న స్త్రీలూ ఉన్నారు. అబ్బూరి ఛాయాదేవి కథకురాలిగా మనకి చాలా దగ్గరి మనిషి. 'తన మార్గం' కథలకి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వృత్తిరీత్యా ఆమె లైబ్రేరియన్ అన్న సంగతిని మాత్రం మనం పరిచయ వాక్యంలో ఒకసారి చెప్పి వదిలేస్తాం. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా పనిచేసి, 1982లో తనంతట తనే విరమించుకుంది. మామగారు అబ్బూరి రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రేరియన్. ఒకే ఇంట్లో ఇద్దరు లైబ్రేరియన్లు. మామగారి గురించి రాసినప్పుడు ఆయన లైబ్రరీ పని సాహిత్య కృషిలో భాగం అవుతుంది. కోడలి విషయంలో అది ఉద్యోగం అవుతుంది. లైబ్రేరియన్ పని, ముఖ్యంగా స్త్రీ చేసేది, పుస్తకాలు సర్దడంగానే మన కళ్లకి కనపడుతుంది. ఇల్లు సర్దడంలాగే.

సర్దడం చిన్న పని కాదని పుస్తకాల నంబర్లే చెబుతాయి. మన కాలేజీల్లో ఎక్కువగా వాడేది మెల్విల్ డ్యూయీ 1876లో మొదలుపెట్టిన దశాంశ పద్ధతి. అందులో మర్యాదలు, నడవడికల పుస్తకాలకి 395. దాని పక్కనే 396 స్త్రీల స్థితిగతులకి. ఆ తర్వాత జానపదం 398. అంటే ఎలా కూర్చోవాలో నేర్పే పుస్తకాలకీ జానపద కథలకీ నడుమ చాలా ఏళ్లు స్త్రీలకి చోటిచ్చారు. 1979లో వచ్చిన 19వ ముద్రణలో స్త్రీలు 305.4కి మారారు. సమాజంలోని వర్గాలు, సమూహాల పక్కకి వచ్చారు. ఆ డ్యూయీయే 1887లో కొలంబియాలో లైబ్రరీ బడి పెట్టి, యాజమాన్యం వద్దన్నా స్త్రీలని చేర్చుకున్నాడు. తనతో పనిచేసిన స్త్రీల పట్ల అసభ్య ప్రవర్తన కారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో తన పతకం మీంచి అతని పేరు తీసేసింది. మనం రోజూ చూసే పుస్తకం వీపు మీది నంబరు వెనక కూడా ఇంత స్త్రీ పురుష చరిత్ర ఉంది.

మన తెలుగు కేటలాగులో ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు. లక్ష్మణరావు కార్డు "కొ" దగ్గర ఉంటుంది, అచ్చమాంబ కార్డు "భ" దగ్గర. ఒకే తల్లి పిల్లలు, ఒకే పుస్తకాల మధ్య పెరిగినవాళ్లు కేటలాగులో ఒకరికొకరు కాకుండా పోతారు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తర్వాత మరో ఇంటిపేరుతో, ఆపైన కలం పేరుతో రాసిన రచయిత్రి మూడు చోట్ల ముగ్గురై ఉంటుంది. ఈ మూడు కార్డులనీ ఒకటి చేసే ఓపిక ఉన్న లైబ్రేరియన్ ఒక పరిశోధకురాలికి ఏడాది పని మిగుల్చుతుంది.

1960ల చివర నుంచి ఇంకో తరం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. ఇంగ్లీషు చదువు అన్నకి, తెలుగు మీడియం చెల్లెలికి అని పంచుకున్న ఇళ్లలో ఆ చవక పుస్తకాలే చెల్లెళ్లని డిగ్రీ దాకా తెచ్చాయి. 1982లో వచ్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పెళ్లయి చదువాగిన వాళ్లకి పాఠ్యపుస్తకాలని ఇంటికే చేర్చింది. హిందూ సుందరి నాటి పోస్టు దారే మళ్లీ. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. ముదినేపల్లి అప్పట్లో శాసనసభ నియోజకవర్గం. 1985లోనూ 1994లోనూ ఇక్కడి నుంచి గెలిచిన యెర్నేని సీతాదేవి ఎన్.టి. రామారావు మంత్రివర్గంలో విద్యాశాఖ నిర్వహించారు. ఈ ఊరి పేరుతో ఉన్న నియోజకవర్గం రాష్ట్రానికి ఒక స్త్రీని విద్యామంత్రిగా ఇచ్చిందన్న సంగతి ఇక్కడి కాలేజీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? స్థానిక చరిత్ర అలమర ఒకటి ప్రతి కాలేజీలో ఉండాలనడానికి ఇదొక కారణం. అదే కాలంలో హైదరాబాదులో 1985లో అన్వేషి, 1991లో అస్మిత వచ్చి స్త్రీల పుస్తకాలకి విడిగా చోటు కల్పించాయి. స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. హైదరాబాదు అలమరలో ఉన్న ఈ పుస్తకాలు గుడివాడ, కైకలూరు అలమరలకి చేరాలి. చేరకపోతే మన ఉద్యమం నగరం దాటనట్టే.

ఇక సెమిస్టర్ సంగతి. రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీల్లో 2015-16 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. దీని మంచిచెడులు చాలామంది చర్చించారు గాని లైబ్రరీ కౌంటర్ దగ్గర నిలబడి ఎవరూ చూడలేదు. వార్షిక పద్ధతిలో ముప్ఫై వారాల చదువు అనుకుంటే, ఆరు వారాలు ఆలస్యంగా పుస్తకం దొరికిన పిల్ల అయిదో వంతు నష్టపోతుంది. పదిహేను వారాల సెమిస్టర్‌లో అదే ఆరు వారాలు నూటికి నలభై వంతులు. ఇంకో లెక్క చూడండి. క్లాసులో 60 మంది, లైబ్రరీలో ఆ పుస్తకం 5 కాపీలు, 15 రోజుల గడువు అనుకుందాం. పదిహేను వారాల్లో ఒక్కో కాపీ ఏడుసార్లు చేతులు మారుతుంది. అంటే 35 మందికి ఒక్కసారి దొరుకుతుంది. తక్కిన 25 మందికి ఒక్కసారి కూడా దొరకదు. ఆ 25 మంది ఎవరు? కొనుక్కోగలిగినవాళ్లు ఎలాగూ వరసలో నిలబడరు. క్లాసు అవగానే పరుగెత్తి నిలబడగలిగినవాళ్లకి దొరుకుతుంది. సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవలసిన పిల్ల ఆ వరసలో ఉండలేదు. లైబ్రరీ తెరిచి ఉండే వేళలూ క్లాసులు జరిగే వేళలూ ఒకటే అయినప్పుడు ఆ లైబ్రరీ హాస్టల్ పిల్లలదీ సైకిళ్లూ మోటారు సైకిళ్లూ ఉన్న మగపిల్లలదీ అవుతుంది. నియమాల్లో ఎక్కడా వివక్ష లేదు. బస్సు టైములో ఉంది.

భయం ఇంకొకటి. పుస్తకం పోతే ధరకి ఎన్నో రెట్లు కట్టాలన్న నోటీసు గోడ మీద ఉంటుంది. చేపల చెరువుల మీదో రొయ్యల షెడ్డులోనో కూలికి పోయే తల్లికి ఆ డబ్బు ఎన్ని రోజుల కూలో పిల్లకి తెలుసు. వానాకాలంలో కొల్లేటి ఊళ్లలో నీళ్లు ఇంట్లోకి వస్తే ముందు ఏది పైకెత్తాలి? తడిసిన పుస్తకానికి జవాబు చెప్పడం కంటే అసలు తీసుకోకపోవడమే మేలని ఆమె అనుకుంటే అది చదువు మీద అశ్రద్ధ కాదు, లెక్క. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకి పాఠ్యపుస్తకాలు చదువు పూర్తయ్యేదాకా ఇచ్చే బుక్ బ్యాంకు పథకాన్ని కేంద్రం 1978-79లో మొదలుపెట్టినప్పుడు అది వైద్యం, ఇంజనీరింగ్ చదువులకే పరిమితం. ఖరీదైన పుస్తకాలు వాటివే అన్నది కారణం. బి.ఏ. పుస్తకం చవకే. ఆ చవక కూడా అందని ఇల్లు ఉంటుందని, ఆ ఇంటి నుంచి బి.ఏ.కి వచ్చేది ఎక్కువగా ఆడపిల్లేనని పథకం రాసినవాళ్లకి తోచలేదు.

ఇటీవల వచ్చిన మార్పు భాష. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇంగ్లీషు కావాలన్న కోరిక, ముఖ్యంగా దళిత బహుజన కుటుంబాల కోరిక న్యాయమైనది. దాన్ని తెలుగు మీద ప్రేమ పేరుతో కొట్టిపారేయలేం. కాని మీడియం మారిన రోజున లైబ్రరీలో ఉన్న తెలుగు అకాడమీ పుస్తకాల వరసలన్నీ ఒక్కసారిగా పాతబడిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి కొనే డబ్బు అదే వేగంతో రాదు. ఆ మధ్యకాలంలో పాఠం ఇంగ్లీషులో వింటూ అర్థం కోసం తెలుగు పుస్తకం తెరుచుకునే పిల్ల చేతిలో రెండూ ఉండాలి. ఒకటి తీసేసి ఇంకోటి పెట్టడం కాదు, పక్కపక్కన పెట్టడం కావాలి.

అన్నీ ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి కదా అంటారు. 2010లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు ఎన్-లిస్ట్ మొదలుపెట్టారు. కాలేజీ సభ్యత్వం తీసుకుంటే వేల పత్రికలూ లక్షల ఈ-పుస్తకాలూ ఏ ఊళ్లో ఉన్నా చదువుకోవచ్చు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల కోసం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా వచ్చింది. తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థినీ ముదినేపల్లి నుంచి వెళ్లే బి.ఏ. విద్యార్థినీ ఒకే వ్యాసం చదవగలగడం చిన్న మార్పు కాదు. అయితే ఆ పాస్‌వర్డ్ ఆమెకి మొదటి వారంలో ఇచ్చారా, దాన్ని ఎలా వాడాలో ఒక పూట కూర్చోబెట్టి చూపించారా, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ రాత్రి ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్నలు అలాగే ఉన్నాయి. తమ్ముడి పక్కన కూర్చుని చదవడం నుంచి తమ్ముడి ఫోన్ ఖాళీ అయ్యేదాకా ఆగడం దాకా, నూట ఇరవై ఏళ్లకి పైగా ప్రయాణం అంత దూరమేమీ కాదు.

ఈ చరిత్ర నుంచి ఇవాళ్టికి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మనలో చాలామందిమి కాలేజీల్లో పాఠాలు చెబుతున్నాం, లైబ్రరీ కమిటీల్లో పేరుకి సభ్యులుగా ఉన్నాం. కొత్త సెమిస్టర్‌కి పుస్తకాల జాబితా కాలేజీ మూసే ముందే లైబ్రేరియన్‌కి ఇవ్వగలం. లైబ్రరీ కార్డు అడ్మిషన్ రోజునే, డిపాజిట్ లేకుండా ఇమ్మని అడగగలం. పాఠ్యపుస్తకాలు పదిహేను రోజులకి కాకుండా సెమిస్టర్ పొడవునా ఇచ్చే బుక్ బ్యాంకు బి.ఏ., బి.కాం. పిల్లలకి పెట్టమనగలం. సీనియర్లు వదిలిన పుస్తకాలు జూనియర్లకి చేరేలా వసూలు చేయడం ఖర్చు లేని పని. క్లాసుల నడుమ ఒక గంట లైబ్రరీ గంటగా టైం టేబులులో రాయిస్తే బస్సు సమస్య సగం తీరుతుంది. వరదలో తడిసిన పుస్తకానికి జరిమానా వద్దనగలం. ఇక కొనే జాబితాలో అచ్చమాంబ, రంగనాయకమ్మ, మాలతీ చందూర్, ఛాయాదేవి, 'నల్లపొద్దు' ఉన్నాయో లేవో చూడటం మన పనే, ఇంకెవరూ చూడరు.

ఆడపిల్ల చేతికి వచ్చే కాగితాల్లో ఎక్కువ వాటి మీద తండ్రి పేరు ఉంటుంది, కొన్నాళ్లకి భర్త పేరు ఉంటుంది. లైబ్రరీ కార్డు మీద ఆమె సంతకం ఉంటుంది. పుస్తకం తీసుకున్నది తను, తిరిగి ఇవ్వవలసింది తను. ఎవరి మంచితనమూ మధ్యలో లేకుండా పుస్తకంతో ఆమెకి నేరుగా ఏర్పడే సంబంధం అది. అచ్చమాంబకి దొరకనిది అదే. మొదటి వారంలోనే అది ఆమె చేతిలో పెట్టమని అడుగుతున్నాం.